మడత కత్తి మొరాయిస్తుంటే: అది జేబులోదా, బీరువాలోదా?

అమెరికాలో ఉన్న మనవాళ్ల చేతికి ఇలాంటి కత్తి మామూలుగా గరాజ్ సేల్‌లోనో, రిటైరవుతున్న కొలీగ్ గుర్తుగా ఇస్తేనో వస్తుంది. గాట్లు పెట్టిన ఎముక పిడి, రెండు బ్లేడ్లు, నల్లబడిన ఉక్కు. ఇంటికి తేగానే మనం చేసే మొదటి పని తళతళలాడేలా తోమడం. నేనూ అదే చేశాను. తోమడం అయ్యాక లెన్స్ పెట్టి చూస్తే బ్లేడు మొదట్లో కంపెనీ ముద్ర ఉండాల్సిన చోట సగం అక్షరాలే మిగిలాయి. రోజూ వాడే కత్తి అయితే పట్టించుకోనక్కర్లేదు. సేకరించేవాళ్లకు మాత్రం ఆ ముద్రే ప్రాణం. అందుకే ఈ కింది చాలా సమస్యలకు రెండు రకాల జవాబులు ఉన్నాయి: జేబులో వాడే కత్తికి ఒకటి, బీరువాలో దాచే కత్తికి ఒకటి.

ఎప్పటిదో తెలియడం లేదు

బ్లేడు తెరిచి, పిడిలోకి దూరే మొదలు భాగాన్ని వెలుతురులో ఏటవాలుగా పెట్టి చూడండి. పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌లో తయారయ్యే కేస్ కంపెనీ కత్తులైతే సంవత్సరం లెక్క తేలిక. 1970లో ముద్ర కింద పది చుక్కలు పెట్టారు, ఆ తర్వాత ఏడాదికొకటి తీసేస్తూ వచ్చారు. ఆ దశాబ్దపు ముద్రలో అయిదు చుక్కలుంటే 1975, ఒక్కటే ఉంటే 1979. 6254 లాంటి నంబరు కూడా ఉంటుంది. అందులో 6 అంటే ఎముక రకం పిడి, 2 అంటే రెండు బ్లేడ్లు, 54 అంటే ట్రాపర్ అనే నమూనా.

ష్రేడ్ అనే కంపెనీ పేరు చూసి మాత్రం తొందరపడొద్దు. న్యూయార్క్ రాష్ట్రం ఎలెన్‌విల్‌లోని వాళ్ల ఫ్యాక్టరీ 2004లో మూతపడింది. పేరు చేతులు మారాక ఆ ముద్రతో చైనా కత్తులు వచ్చాయి. పేరు పక్కన యూఎస్ఏ అని ఉందో లేదో చూడాలి.

బ్లేడు రంగు మారింది

బూడిద, నీలం, నలుపు రంగుల మచ్చలైతే అది పాటినా. కార్బన్ స్టీల్‌కి పులుపు తగిలితే వచ్చే పొర. కేస్ వాళ్ల సీవీ రకం ఉక్కు, టైటస్‌విల్‌లోని గ్రేట్ ఈస్టర్న్ కంపెనీ వాళ్లు వాడే 1095 ఉక్కు రెండూ ఇలాగే నల్లబడతాయి. ఒక్క మామిడికాయ కోసి తుడవకుండా వదిలేస్తే చాలు, సాయంత్రానికి మరక కనిపిస్తుంది. దాన్ని వదిలేయండి, తుప్పును కొంత ఆపుతుంది కూడా.

ఎర్రగా, వేలికి గరుగ్గా తగిలితే అది తుప్పే. వాడే కత్తికి నూనె రాసి సన్నటి స్టీల్ వూల్‌తో రుద్దండి. దాచే కత్తికి మినరల్ ఆయిల్ రాసి, కాసేపు నాననిచ్చి, మెత్తటి గుడ్డతో తుడవండి. మిగిలిన మచ్చను మచ్చగానే ఉంచండి. పాలిష్ జోలికి వెళ్లొద్దు.

బీరువాలో ఉన్నదే తుప్పు పట్టింది

కొత్తవాళ్లకు మింగుడుపడని సమస్య ఇదే. బయటికే తీయలేదు, తడి తగల్లేదు, అయినా తుప్పు. ఇందుకు రెండు కారణాలు చూశాను. ఒకటి తోలు ఒర. తోలు తేమను పట్టి ఉంచుతుంది, టానింగ్ చేసిన తోలులోని ఆమ్లాలు ఉక్కుకు తుప్పు, ఇత్తడికి పచ్చటి కిలుము తెస్తాయి. బక్ 110 అనే మడత కత్తిని ఏళ్ల తరబడి ఒరలోనే ఉంచితే దాని ఇత్తడి భాగాలకు ఇదే గతి. ఒరను, కత్తిని విడివిడిగా పెట్టండి.

రెండోది మరీ దొంగది. పాత కత్తుల్లో సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌తో చేసిన రంగురంగుల పిడులు ఉంటాయి. అవి పాతబడి శిథిలమవుతున్నప్పుడు వాటి నుంచి ఆమ్ల వాయువు వస్తుంది. ఆ కత్తితో పాటు అదే డబ్బాలో ఉన్న మంచి కత్తులన్నీ తుప్పు పడతాయి. పిడి ముడుచుకుపోయినా, పగుళ్లు వచ్చినా, డబ్బా తెరవగానే ఘాటు వాసన కొట్టినా ఆ ఒక్కదాన్ని వెంటనే వేరు చేయండి. గాలి తగిలేచోట ఉంచండి, నిప్పుకు దూరంగా, ఎందుకంటే సెల్యులాయిడ్ ఇట్టే అంటుకుంటుంది. శిథిలమైన పిడిని మళ్లీ బాగుచేసే మార్గం లేదు.

గోరు విరిగేంత బిగుతు

కీలులో జేబు నూగు, ఎండిన నూనె చేరి ఉంటాయి. టూత్‌పిక్‌తో తవ్వి తీసి, ఒక చుక్క మినరల్ ఆయిల్ వేసి, ఇరవై ముప్పైసార్లు తెరిచి మూయండి. నల్లటి నూనె బయటికి వస్తుంది, తుడిచి మళ్లీ చేయండి. ఎముక పిడిని వేడినీళ్లలో నానబెట్టొద్దు. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరి నూనె వాడేరు! పెన్సిల్వేనియా చలికి గడ్డకట్టి, కీలు ఇంకా బిగుసుకుంటుంది.

సాన పట్టినా ఒకే చోట మొద్దుబారుతోంది

తప్పు సానరాయిది కాదు. చటుక్కున మూసినప్పుడు అంచు లోపలి స్ప్రింగుకు కొట్టుకుంటోంది. బ్లేడు మొదట్లో కింద ఉండే చిన్న బొడిపెను కిక్ అంటారు. అంచు స్ప్రింగుకు తగలకుండా ఆపేది అదే. అది అరిగినా, మూసిన బ్లేడు మొన పైకి పొడుచుకొస్తోందని ఎవరైనా ఆకురాయితో రాసినా బ్లేడు ఇంకా కిందికి దిగుతుంది. బ్లేడును వేళ్లతో పట్టుకుని మెల్లగా మూయడం అలవాటు చేసుకోండి, కిక్‌ను మాత్రం ముట్టుకోవద్దు. తర్వాత అర్కాన్సా అనే సానరాయి మీద, ఒక్కో వైపు 20 డిగ్రీల దగ్గర, ఆ గాటు పోయేదాకా సాన పట్టండి. మోటారు సాన చక్రం వద్దు, బ్లేడు వేడెక్కి ఉక్కు గట్టిదనం పోతుంది. బీరువా కత్తికైతే సానే వద్దు, ఫ్యాక్టరీ అంచు అలాగే ఉంటేనే దానికి ధర.

బ్లేడు అటూ ఇటూ ఊగుతోంది

పెయింట్ డబ్బా మూత దానితోనే లేపారా? కీలు మేకు వదులైంది. పనికత్తి అయితే ఇనుప దిమ్మె మీద పెట్టి, మేకు తల మీద చిన్న సుత్తితో తేలిగ్గా నాలుగు దెబ్బలు వేసి, ఆగి చూడండి. ఎక్కువ కొడితే అసలు తెరుచుకోదు. సేకరణ కత్తికి ఆ దెబ్బల గుర్తులే నష్టం, ఊగనివ్వండి.

ఎయిర్‌పోర్టులో తీసేసుకున్నారు

ఇది పరిష్కారం లేని సమస్య. ఇండియాలో నాన్నగారికి ఇవ్వాలని కొన్నది క్యాబిన్ బ్యాగులో ఉంటే సెక్యూరిటీ దాటదు. ఇంటి దగ్గరే చెక్-ఇన్ సూట్‌కేసులో, చీరల మధ్య చుట్టి పెట్టండి.