చలివేంద్రం: ఉగాది నుంచి మృగశిర దాకా

ఉగాది వెళ్ళగానే మన ఊళ్ళలో తాటాకు పందిళ్ళు వేసి, కొత్త కుండలకు పసుపు కుంకుమలు పెట్టి చలివేంద్రాలు ప్రారంభిస్తారు. తీరా మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వచ్చి వడగాడ్పులు ముదిరే వేళకు వాటిలో కొన్ని ఖాళీ కుండలతో మిగలడం ఏటా నాకు బాధ కలిగిస్తుంది. ఎవరూ పురమాయించకుండానే ఒక పనిని తలకెత్తుకొని, దాని అవసరం తీరేదాకా విడిచిపెట్టకపోవడమే స్వచ్ఛంద సేవ అని నేను నమ్ముతాను. అందుచేత పందిరి వేయకముందే, జూన్ 8 ప్రాంతంలో మృగశిర ప్రవేశించేవరకు ఏ రోజు ఎవరు నీళ్ళు నింపాలో కాగితం మీద రాసుకోండి. ఏడుగురు కలిస్తే ఒక్కొక్కరికి వారానికి ఒక్క రోజే వంతు వస్తుంది.

బస్టాపు, కూలీల అడ్డా వంటి, జనం నిలబడి ఎదురుచూసే చోటును ఎంచుకొని పంచాయతీ లేదా మునిసిపాలిటీ అనుమతి తీసుకోండి.

కుండ గోడల్లోని సన్నని రంధ్రాల గుండా ఊరిన నీరు గాలికి ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది కాబట్టే నీళ్ళు చల్లబడతాయి. కనుక కుండలను నీడలోనే కాక, గాలి తగిలేలా తడి ఇసుక మీద ఉంచాలి. అందం కోసం వాటికి రంగులు పూయించవద్దు; రంధ్రాలు పూడుకుపోతాయి. తీరప్రాంతంలో ఉక్కపోత ఎక్కువగా ఉన్న రోజున కుండ అంతగా చల్లబడదు, అది కుండ లోపం కాదు.

శుద్ధి చేసిన నీటినో, కాచి చల్లార్చిన నీటినో పోయాలి. రోజూ ఉదయం పాత నీటిని చెట్లకు పోసి, కుండ లోపల సబ్బు వాడకుండా పీచుతో రుద్ది కడగాలి. మూత తప్పనిసరి. తాగిన గ్లాసును ఎవరూ కుండలో ముంచకుండా, పొడవాటి కాడ ఉన్న గరిటెతో మనమే పోయాలి. దోసిలి పట్టినవారికి పైనుంచి పోస్తే గ్లాసుతో పనే లేదు. మజ్జిగ ఇవ్వదలిస్తే ఉప్పు, అల్లం, కరివేపాకు వేసి ఏ పూటకు ఆ పూటే కలపండి.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు దగ్గర ఉంచుకొని, పెద్ద ప్యాకెట్‌ మొత్తాన్ని ఒక లీటరు నీటిలో కలపండి. ఎవరైనా ఒళ్ళు కాలిపోతూ తడబడి మాట్లాడుతుంటే అది వడదెబ్బ కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేసి, నీడకు చేర్చి, ఒంటిని తడిపి విసనకర్రతో విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు.

తొలకరి పడ్డాక పందిరి విప్పి, పాత కుండలను పిట్టల నీళ్ళకు వాడుకోవచ్చు.