హెచ్చరిక రాలేదంటే ఫైలు మంచిదని కాదు: విండోస్‌లో డౌన్‌లోడ్ ముద్రను సరిచూసుకునే పద్ధతి

నెట్ నుంచి దించిన ప్రోగ్రామ్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఒక్కోసారి నీలం తెర అడ్డొచ్చి ‘విండోస్ ప్రొటెక్టెడ్ యువర్ పీసీ’ అంటుంది. వర్డ్ ఫైలైతే పైన పసుపు పట్టీతో ప్రొటెక్టెడ్ వ్యూ వస్తుంది. విండోస్ ఫైలు లోపలంతా చదివి ఇచ్చిన తీర్పు ఇదని చాలామంది అనుకుంటారు. నిజానికి ముందుగా జరిగేది చిన్న తనిఖీ: ఈ ఫైలుకు ‘బయటి నుంచి వచ్చింది’ అన్న ముద్ర ఉందా? ఉంటేనే స్మార్ట్‌స్క్రీన్ (బయటి ఫైళ్లను వడకట్టే విండోస్ సొంత రక్షణ) విచారణ మొదలవుతుంది. లేకపోతే ఆ ఫైలు ఇక్కడే పుట్టిందన్నట్టు తెరుచుకుంటుంది. యాంటీవైరస్ దారి వేరు, ముద్ర ఉన్నా లేకున్నా అది తన పని చేస్తుంది. కానీ దానికింకా తెలియని కొత్త మాల్వేర్‌ను (హానికర ప్రోగ్రామ్‌ను) ఆపాల్సింది ఈ హెచ్చరికే. దాడి చేసేవాళ్లు ఏళ్ల తరబడి ఈ ముద్ర మీదే పడటానికి కారణం అదే.

ముద్రను కళ్లారా చూడటం

ముద్ర అసలు పేరు మార్క్ ఆఫ్ ద వెబ్. బ్రౌజర్ ఫైలును సేవ్ చేసేటప్పుడు దానికి జోన్.ఐడెంటిఫయర్ అనే చిన్న స్ట్రీమ్‌ను, అంటే ఫైలు వెంటే ఉండే దాచిన చీటీని, తగిలిస్తుంది. ఇది ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్కుల మామూలు ఫార్మాట్) డిస్కుల్లో నిలుస్తుంది, ఎక్స్‌ప్లోరర్‌లో మామూలుగా కనిపించదు. (ఆదేశాలన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిషు స్పెల్లింగే వాడాలి.)

డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి, పైన అడ్రస్ బార్‌లో సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కండి. అదే ఫోల్డర్‌లో నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఇలా కొట్టండి:

డిర్ /ఆర్

ముద్ర ఉన్న ఫైలుకు రెండు వరుసలు కనిపిస్తాయి. మొదటిది ఫైలు పేరు. దాని కిందే మరికొంత లోపలికి జరిగి, ఉదాహరణకు, సెటప్.ఈఎక్స్‌ఈ:జోన్.ఐడెంటిఫయర్:$డేటా అని ఇంకో వరుస. ఒక్క వరుసే ఉంటే ముద్ర లేనట్టే. ముద్రలో ఏం రాసుందో చూడాలంటే:

మోర్ < సెటప్.ఈఎక్స్‌ఈ:జోన్.ఐడెంటిఫయర్

[జోన్‌ట్రాన్స్‌ఫర్] అనే శీర్షిక, దాని కింద జోన్‌ఐడీ=3 అని వస్తాయి. 0 అంటే ఈ కంప్యూటరే, 1 లోపలి నెట్‌వర్క్, 2 నమ్మిన సైట్లు, 3 ఇంటర్నెట్, 4 నిషేధించిన సైట్లు. చాలాసార్లు హోస్ట్‌యూఆర్‌ఎల్ అనే వరుస కూడా ఉంటుంది, ఫైలు ఏ చిరునామా నుంచి దిగిందో అందులో ఉంటుంది. అధికారిక సైటు నుంచే తీసుకున్నామనుకున్న ఇన్‌స్టాలర్ అసలు ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. ఫైలు పేరులో ఖాళీలుంటే మొత్తాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. అది మరిచిపోతే ఆదేశం పనిచేయదు.

షార్ట్‌కట్ ముద్రను ఎలా చెరిపేసింది

2024 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ మూసిన భద్రతా లోపం సీవీఈ-2024-38217 ఈ కోవలోదే. దాన్ని బయటపెట్టిన ఎలాస్టిక్ సెక్యూరిటీ ల్యాబ్స్ పెట్టిన పేరు ఎల్‌ఎన్‌కే స్టాంపింగ్. ఎల్‌ఎన్‌కే అంటే మన షార్ట్‌కట్ ఫైలు. అది ఏ ప్రోగ్రామ్‌ను తెరవాలో చెప్పే దారి దాని లోపల రాసి ఉంటుంది. ఆ దారిని కావాలనే కాస్త వంకరగా రాస్తారు: చివర అదనంగా ఒక చుక్కో ఖాళీయో. దాన్ని క్లిక్ చేసినప్పుడు ఎక్స్‌ప్లోరర్ సరైన ప్రోగ్రామ్‌ను కనిపెడుతుంది. అక్కడితో ఆగకుండా, ‘దారి తప్పుగా ఉంది, సరిచేద్దాం’ అని షార్ట్‌కట్‌ను తిరగరాసి సేవ్ చేస్తుంది. ఆ తిరగరాతలో ముద్ర పోతుంది. తనిఖీ ఆ తర్వాత జరుగుతుంది. అప్పటికి చూడటానికి ముద్రే ఉండదు.

తాళం పగలలేదు, కాపలావాడే చీటీ చించి పారేశాడు. అనుమానాస్పద ఫైళ్లను పరీక్షించే సైటు వైరస్‌టోటల్‌లో దొరికిన ఇలాంటి నమూనాల్లో పాతవి 2018 నాటివి, అంటే ప్యాచ్ (లోపాన్ని మూసే అప్‌డేట్) రావడానికి ఆరేళ్ల ముందువి. దీనికి ఇచ్చిన తీవ్రత స్కోరు పదికి 5.4 మాత్రమే. స్కోరు చూసి ‘మధ్యస్థం’ అని పక్కన పెట్టే ఐటీ విభాగాలు ఇక్కడే తప్పటడుగు వేస్తాయి. ఇలాంటి లోపం ఒంటరిగా హాని చేయదు. వెనక వచ్చే మాల్వేర్‌కు తలుపు తీసి పెట్టడమే దాని పని, ఆ సంగతి స్కోరులో కనిపించదు.

ఇది మొదటిదీ కాదు. 2022 చివర్లో డిజిటల్ సంతకం వంకరగా ఉన్న జావాస్క్రిప్ట్ ఫైళ్లు వచ్చాయి. ఆ సంతకం అర్థంకాక స్మార్ట్‌స్క్రీన్ పొరపాటు సందేశం ఇచ్చి తప్పుకునేది, ఎక్స్‌ప్లోరర్ ఫైలును తెరిచేసేది. ఆ ఒక్క కన్నం మూశాక, 2023 మార్చి నాటికి అదే కిటుకు ఎంఎస్‌ఐ (ఇన్‌స్టాలర్) ఫైళ్లలో ప్రత్యక్షమైంది. 2023 నవంబరులో ఇంటర్నెట్ షార్ట్‌కట్ లోపానికి ప్యాచ్ వేస్తే, ఒక షార్ట్‌కట్‌తో ఇంకో షార్ట్‌కట్‌ను చూపించి దాన్నీ దాటారు. దానికి 2024 ఫిబ్రవరిలో మళ్లీ ప్యాచ్. అందుకే ప్యాచ్ వేసుకుని ఊరుకుంటే చాలదు, ముద్ర పోయే మిగతా దారులు కూడా చూసుకోవాలి.

ప్యాచ్ ఉందో లేదో

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి విన్‌వర్ అని కొట్టండి. వచ్చే పెట్టెలో ఓఎస్ బిల్డ్ అంకె చూడండి. విండోస్ 10 22హెచ్2 అయితే 19045.4894, విండోస్ 11 23హెచ్2 అయితే 22631.4169, 24హెచ్2 అయితే 26100.1742. చుక్క తర్వాతి అంకె అంతకు తగ్గకూడదు. తగ్గితే షార్ట్‌కట్ లోపం ఆ మిషన్‌లో ఇంకా ఉన్నట్టే. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగింది. పొడిగింపు పథకంలో లేని మిషన్‌లకు ఆ తర్వాత బయటపడ్డ లోపాల మందు అందదు.

జిప్ విప్పే సాఫ్ట్‌వేర్‌కు పరీక్ష

ముద్ర ఎక్కువగా పోయేది ఇక్కడే. జిప్‌కు ముద్ర ఉంటుంది, విప్పిన ఫైళ్లకు ఉండదు. మీ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో ఐదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. లోపల ఒక ఈఎక్స్‌ఈ (ప్రోగ్రామ్ ఫైలు) ఉన్న జిప్‌ను, మీకు నమ్మకమున్న తయారీదారు సైటు నుంచి బ్రౌజర్‌తో దించండి. డిర్ /ఆర్ తో జిప్‌కు ముద్ర ఉందని నిర్ధారించుకోండి. ఒక ఫోల్డర్‌లోకి విండోస్ సొంత ఎక్స్‌ట్రాక్ట్ ఆల్‌తో, ఇంకో ఫోల్డర్‌లోకి మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌తో విప్పండి. రెండు చోట్లా మళ్లీ డిర్ /ఆర్ కొట్టి పోల్చండి.

7-జిప్ వాడేవాళ్లకు తేడా కనిపించే అవకాశం ఎక్కువ. ముద్రను లోపలి ఫైళ్లకు అందించే సౌకర్యం దానిలో 2022లో వచ్చిన 22.00 నుంచి ఉంది. కానీ దాన్ని మనమే ఆన్ చేయాలి. 7-జిప్ ఫైల్ మేనేజర్‌లో టూల్స్, ఆప్షన్స్, అందులో 7-జిప్ ట్యాబ్. ప్రొపగేట్ జోన్.ఐడీ స్ట్రీమ్ ఎదురుగా యెస్ పెట్టి ఓకే నొక్కండి. అక్కడే ‘ఫర్ ఆఫీస్ ఫైల్స్’ అనే మధ్యేమార్గం కూడా ఉంది, దాన్ని ఎంచుకుంటే ఈఎక్స్‌ఈలకు ముద్ర అందదు. యెస్ పెట్టినా 24.09 కంటే పాత వెర్షన్ పనికిరాదు. జిప్‌లో జిప్ పెట్టి పంపితే ముద్ర రాలిపోయే లోపం (సీవీఈ-2025-0411) వాటిలో ఉంది. 7-జిప్ తనంతట తాను అప్‌డేట్ కాదు, వెర్షన్‌ను చేత్తో మార్చాలి. విన్‌రార్ అయితే 7.11 గానీ ఆపైది గానీ ఉండాలి.

ముద్ర ఇంకా ఎక్కడ పోతుంది

పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32 లేదా ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటే దాని మీదికి కాపీ చేయగానే ముద్ర పోతుంది, తిరిగి హార్డ్‌డిస్క్‌కు తెచ్చినా రాదు. కర్ల్, పవర్‌షెల్ ఇన్వోక్-వెబ్‌రిక్వెస్ట్ లాంటి ఆదేశాలతో దించినవాటికి, గిట్ క్లోన్ చేసినవాటికి అసలు పడదు. ఐఎస్‌ఓ (డిస్కు నకలు ఫైలు) లోపలి ఫైళ్లకు ముద్ర వర్తించడం 2022 నవంబరు అప్‌డేట్‌తోనే మొదలైంది. ఇవి కాక మనం చేజేతులా తీసేసేవి రెండు: ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ పెట్టడం, హెచ్చరిక పెట్టెలో ‘ఆల్వేస్ ఆస్క్ బిఫోర్ ఓపెనింగ్ దిస్ ఫైల్’ టిక్ తీసేయడం. ‘ముందు జిప్‌ను అన్‌బ్లాక్ చేసి తర్వాత విప్పండి’ అని సలహా ఇచ్చే గైడ్‌లు చాలానే ఉన్నాయి. అలా చేస్తే లోపలున్న ప్రతి ఫైలుకూ ఒకేసారి మాఫీ ఇచ్చినట్టవుతుంది. అవసరమైన ఒక్క ఫైలుకే అన్‌బ్లాక్ చేయండి.

హెచ్చరికల విసుగు తట్టుకోలేక ఎవరో ఎప్పుడో ముద్రనే ఆపేసి ఉండొచ్చు. బ్రౌజర్‌తో దించిన ఏ ఫైలుకూ రెండో వరుస కనిపించకపోతే ముందు దీన్నే అనుమానించండి. గ్రూప్ పాలసీలో (విండోస్ నియమాలు పెట్టే చోట) యూజర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపోనెంట్స్, అటాచ్‌మెంట్ మేనేజర్ వరకు వెళ్లండి. ‘డు నాట్ ప్రిజర్వ్ జోన్ ఇన్ఫర్మేషన్’ అన్నది ఎనేబుల్‌లో ఉండకూడదు. విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో దీని పేరు సేవ్‌జోన్‌ఇన్ఫర్మేషన్: విలువ 1 అయితే ముద్ర ఆగినట్టు, 2 అయితే ఉన్నట్టు. మాటలోని ‘నాట్’ వల్ల చాలామంది తలకిందులుగా పెడతారు. మార్చాక ఒక ఫైలు కొత్తగా దించి చూడండి, పాతవాటికి ముద్ర తిరిగి రాదు. అలాగే విండోస్ సెక్యూరిటీలో యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్, రెప్యుటేషన్-బేస్డ్ ప్రొటెక్షన్ కింద ‘చెక్ యాప్స్ అండ్ ఫైల్స్’ ఆన్‌లో ఉండాలి.

ముద్ర లేని ఫైలు చేతికొస్తే

తెరవకముందే ముద్ర మనమే వేయొచ్చు. పవర్‌షెల్‌లో (విండోస్‌లోని ఇంకో ఆదేశాల కిటికీ), ఫైలున్న ఫోల్డర్ నుంచి:

సెట్-కంటెంట్ -పాత్ .\సెటప్.ఈఎక్స్‌ఈ -స్ట్రీమ్ జోన్.ఐడెంటిఫయర్ -వాల్యూ '[జోన్‌ట్రాన్స్‌ఫర్]','జోన్‌ఐడీ=3'

-స్ట్రీమ్ మాట మరిచిపోతే ఈ రెండు వరుసలు నేరుగా ఫైలులోకి వెళ్లి ఇన్‌స్టాలర్ పాడైపోతుంది, కాబట్టి నకలు మీద చేయండి. తర్వాత గెట్-ఫైల్‌హ్యాష్ కొట్టి, వచ్చిన ఎస్‌హెచ్‌ఏ256 విలువను (ఫైలుకు వేలిముద్ర లాంటిది) తయారీదారు ప్రకటించినదానితో పోల్చండి. గెట్-ఆథెంటికోడ్‌సిగ్నేచర్ కొడితే స్టేటస్ దగ్గర వ్యాలిడ్ అని రావాలి. వ్యాలిడ్ వచ్చినా సంతకం ఎవరి పేరు మీదుందో చదవండి. సంతకం ఉండటం వేరు, మనమనుకున్నవాళ్లది కావడం వేరు.

షార్ట్‌కట్‌ల విషయంలో ఇంకో చిక్కుంది. ఎక్స్‌ప్లోరర్‌లో ఎక్స్‌టెన్షన్‌లు చూపించమని సెట్ చేసినా .ఎల్‌ఎన్‌కే, .యూఆర్‌ఎల్ మాత్రం దాక్కునే ఉంటాయి. ‘ఇన్‌వాయిస్.పీడీఎఫ్’ అని కనిపించేది ఇన్‌వాయిస్.పీడీఎఫ్.ఎల్‌ఎన్‌కే అయి ఉండొచ్చు, బొమ్మ కూడా పీడీఎఫ్‌దే పెట్టి ఉంటారు. వ్యూను డీటెయిల్స్‌కు మార్చి టైప్ నిలువు వరుస చూడండి: షార్ట్‌కట్ అనో, ఇంటర్నెట్ షార్ట్‌కట్ అనో ఉంటే దొరికినట్టే. డిర్ కొడితే పూర్తి పేరు కనిపిస్తుంది. పత్రం పంపుతున్నామంటూ షార్ట్‌కట్ పంపాల్సిన అవసరం ఎవరికీ రాదు, కాబట్టి నేరుగా తీసేయండి.

అప్పటికే క్లిక్ చేసేసి ఉంటే, ఇప్పుడు ముద్ర లేదన్నది ఏమీ తేల్చదు: ఎల్‌ఎన్‌కే స్టాంపింగ్‌లో అది తెరిచిన క్షణంలోనే పోతుంది. నెట్‌వర్క్ తీసేయండి. విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌కు వెళ్లి డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి, మిషన్ రీస్టార్ట్ అవుతుంది కాబట్టి తెరిచి ఉన్న పనులు ముందే సేవ్ చేసుకోండి. పాస్‌వర్డ్‌లు మాత్రం ఇంకో పరికరం నుంచి మార్చండి.