లోహపు త్రీడీ ప్రింటింగ్ సిమ్యులేషన్ – 3వ పాఠం: గుప్తోష్ణానికి లెక్క

2వ పాఠంలో రాసిన కోడ్‌లో లేజర్ కదులుతోంది, వేడి పాకుతోంది. లోహం మాత్రం కరగడం లేదు. 1720 కెల్విన్ దాటిన సెల్‌కి (లోహాన్ని విభజించిన చిన్న ఘనపు గడికి) ఎర్ర రంగు వేసి ద్రవం అనుకుంటున్నాం, అంతే. కరగడానికి పట్టే వేడిని, అంటే గుప్తోష్ణాన్ని, ఎక్కడా ఖర్చు రాయలేదు. 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలుకి అది కిలోకు సుమారు 2,60,000 జౌళ్లు. గది ఉష్ణోగ్రత నుంచి కరగడం మొదలయ్యే దాకా తేవడానికి పట్టేదానిలో ఇది దాదాపు మూడో వంతు, వదిలేసేంత చిన్నది కాదు.

ఈ పాఠానికి స్థిరాంకాలు ఇవి: సాలిడస్ (కరగడం మొదలయ్యే ఉష్ణోగ్రత) 1660, లిక్విడస్ (పూర్తిగా కరిగే ఉష్ణోగ్రత) 1720 కెల్విన్. విశిష్టోష్ణం ఘనానికి 600, ద్రవానికి 800 జౌళ్లు (కిలోకు, కెల్విన్‌కు). ఉష్ణ వాహకత ఘనానికి 25, ద్రవానికి 30 వాట్లు (మీటరుకు, కెల్విన్‌కు). సాంద్రత అన్నిచోట్లా 7200 కిలోలు (ఘనపు మీటరుకు). గది ఉష్ణోగ్రతలో అసలు సాంద్రత 8000కు దగ్గరే. కానీ కదలని గ్రిడ్‌లో సాంద్రతను ఉష్ణోగ్రతతో మారిస్తే ద్రవ్యరాశి లెక్క చెడుతుంది, అందుకే ఒకే విలువ.

చాలామంది ముందుగా ఎంచుకునే దారి, సాలిడస్, లిక్విడస్‌ల మధ్య విశిష్టోష్ణాన్ని పెంచేయడం. 2,60,000ను 60తో భాగిస్తే 4333. ఆ 60 కెల్విన్ల మేర దాన్ని కలిపితే సరి అనిపిస్తుంది. ఇక్కడే గుంట ఉంది. లేజర్ 200 వాట్లు, అందులో లోహం పీల్చుకునేది 35 శాతం, కిరణం వ్యాసార్ధం 40 మైక్రోమీటర్లు, సెల్ 5 మైక్రోమీటర్లు అనుకుందాం. కిరణం నడిమధ్య పై సెల్, వాహకతను పక్కన పెడితే, సెకనుకు సుమారు 110 కోట్ల కెల్విన్ల చొప్పున వేడెక్కుతుంది. టైమ్ స్టెప్ (లెక్కలో ఒక్కో అడుగుకు గడిచే సమయం) 0.3 మైక్రోసెకన్లయితే ఒక్క అడుగులో 330 కెల్విన్లు. 1600లో ఉన్న సెల్ నేరుగా 1900 దాటేస్తుంది, 4333ను చూడనే చూడదు. చల్లబడేటప్పుడు వేగం సెకనుకు పది లక్షల కెల్విన్ల స్థాయిలో, అంటే అడుగుకు 0.3 కెల్విన్. అప్పుడు గుప్తోష్ణం మొత్తం బయటికి వస్తుంది. కట్టని డబ్బు వడ్డీతో సహా తిరిగొచ్చినట్టు! మెల్ట్ పూల్ (లేజర్ కింద కరిగిన లోహపు మడుగు) తోక అకారణంగా సాగుతుంది. గుప్తోష్ణాన్ని అసలు కలపకపోవడం కన్నా ఇది ప్రమాదం, ఎందుకంటే బొమ్మ నమ్మదగినట్టే కనిపిస్తుంది. కరిగే పరిధిని 300 కెల్విన్లకు వెడల్పు చేసి తప్పించుకునేవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే గడ్డకట్టే చోటే జరిగిపోతుంది.

అసలు మందు ఎంథాల్పీ పద్ధతి. ప్రతి సెల్‌లో దాచుకునేది ఉష్ణోగ్రతను కాదు, కిలోకు ఎంత వేడి చేరిందో ఆ విలువను. దాన్ని హెచ్ అందాం, 300 కెల్విన్ల దగ్గర సున్నా. ప్రతి అడుగులో పక్క సెల్‌ల నుంచి, లేజర్ నుంచి వచ్చిన వేడిని హెచ్‌కి కలపండి. ఆ తర్వాతే ఉష్ణోగ్రత తీయండి:

హెచ్ 8,16,000 లోపు అయితే: 300 + హెచ్ ÷ 600
8,16,000 – 11,18,000 మధ్య అయితే: 1660 + 60 × (హెచ్ − 8,16,000) ÷ 3,02,000
ఆపైన: 1720 + (హెచ్ − 11,18,000) ÷ 800

ఆ 3,02,000లో గుప్తోష్ణం 2,60,000, మిగతా 42,000 సగటు విశిష్టోష్ణం 700 చొప్పున 60 కెల్విన్లకు. సెల్ ఎంత పెద్ద దూకుడు దూకినా ఖర్చు తప్పించుకోలేదు.

టైమ్ స్టెప్‌కి త్రీడీలో హద్దు: సెల్ వెడల్పు వర్గం ÷ (6 × ఉష్ణ వ్యాపన గుణకం). ఆ గుణకం అంటే వాహకత ÷ (సాంద్రత × విశిష్టోష్ణం). మన విలువలకు 0.72 మైక్రోసెకన్లు, 0.3 వాడండి. హద్దు దాటితే పక్కపక్క సెల్‌లు చదరంగపు గళ్లలా ఒకటి మండుతూ ఒకటి గడ్డకడుతూ కనిపిస్తాయి.

శక్తి పరీక్ష చేయకుండా ముందుకు వెళ్లొద్దు. గోడలన్నిటికీ వేడి దాటని షరతు పెట్టి, సెకనుకు 0.8 మీటర్ల వేగంతో 1 మిల్లీమీటరు గీత గీయించండి. పట్టే సమయం 1.25 మిల్లీసెకన్లు, చేరాల్సిన శక్తి 0.0875 జౌళ్లు. సౌష్ఠవం వాడి సగం పలకనే లెక్కిస్తుంటే 0.04375, ఈ సగం మరిచిపోయి కోడ్‌ని తిట్టుకోవడం మామూలే. అన్ని సెల్‌ల హెచ్‌ను ద్రవ్యరాశితో గుణించి కూడితే ఒక శాతం లోపు తేడాతో అదే రావాలి. పది లక్షల సెల్‌ల మొత్తాన్ని 64 బిట్ సంఖ్యలతోనే తీయండి.

ఇక ఘనీభవనం. చల్లబడుతూ హెచ్ 11,18,000 కిందికి దిగిన క్షణంలో రెండు విలువలు రాసుకోవాలి: ఉష్ణోగ్రత ప్రవణత (మీటరు దూరానికి ఉష్ణోగ్రత ఎంత మారుతోందో), చల్లబడే వేగం. రెండూ ద్రవం వైపు నుంచే తీయాలి. అటూ ఇటూ సెల్‌ల సగటు తీస్తే సగం గడ్డకట్టిన భాగం కలిసి ప్రవణత తప్పుగా వస్తుంది. రెండో దాన్ని మొదటి దానితో భాగిస్తే గడ్డకట్టే అంచు కదిలే వేగం వస్తుంది. గీత నిలకడకు వచ్చాక అది లేజర్ వేగం 0.8ను మించకూడదు, తోక చివర దానికి దగ్గరగా, మెల్ట్ పూల్ అడుగుభాగంలో సున్నాకు దగ్గరగా ఉండాలి. మించితే ప్రవణత తీసిన తీరులోనే తప్పు.

బాష్పీభవనం ఇంకా చేర్చలేదు కాబట్టి కిరణం కింద ఉష్ణోగ్రత మరిగే స్థానాన్ని దాటేస్తుంది. అక్కడ గరిష్ఠ పరిమితి పెట్టి కోసేయకండి, కోసినంత శక్తీ మాయమై పై పరీక్ష విఫలమవుతుంది. ఆవిరి మోసుకుపోయే వేడిని ఉపరితలం మీద లెక్కించడం 4వ పాఠంలో.