విజిల్ ఊదితే వచ్చే డబ్బు: రిఫరీల పన్ను లెక్క

నేను ఆమదాలవలసలో రైసు మిల్లు లెక్కలు రాస్తాను. సెలవు దొరికితే కబడ్డీ కోర్టులో విజిల్ ఊదుతాను. అందుకే రిటర్నుల కాలం వచ్చిందంటే మన రిఫరీ తమ్ముళ్లకు నేనే గుర్తొస్తాను. అందరిదీ ఒకటే మాట: "అన్నా, ఫీజులో పది శాతం కోసేశారు కదా, ఇంకేం కట్టక్కర్లేదు కదా?"

ఆ కోత టీడీఎస్, అంటే ఫీజు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను. మీ పేరున ప్రభుత్వానికి ముందుగా జమైన డబ్బు, అంతే. అంపైర్లు, రిఫరీలు, కోచ్‌ల ఫీజును 2008లోనే ఈ కోత కిందికి తెచ్చారు. ఒక క్రీడా సంఘం ఏడాదిలో మీకిచ్చే ఫీజు 50,000 దాటితే 10 శాతం పట్టుకోవాలి. 2025 ఏప్రిల్‌కు ముందు ఆ పరిమితి 30,000. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. కోత పడకపోయినా ఆదాయం ఆదాయమే. సంక్రాంతి పోటీల్లో ఊరి కమిటీ చేతిలో పెట్టే కవరు కూడా లెక్కలోకి రావాలి.

ఒక సంఘం మీకు 60,000 ఇచ్చిందనుకోండి. ఖాతాలో పడేది 54,000. రిటర్నులో మాత్రం 60,000 రాయాలి. అందులో 18,000 ఖర్చు చూపగలిగితే మిగిలిన 42,000 మీ జీతానికి కలుస్తుంది. కోసిన 6,000 కట్టాల్సిన పన్నులో తగ్గుతుంది. 2025-26లో కొత్త పన్ను విధానంలో (రేట్లు తక్కువ, మినహాయింపులూ తక్కువ) ఉండి, జీతం, ఫీజు కలిపి 12 లక్షలు దాటకపోతే పన్నే పడదు, ఆ 6,000 వెనక్కొస్తుంది. కానీ రిటర్ను వేస్తేనే! వేసేముందు మీ పేరున జమైన పన్ను వివరాలుండే ఫారం 26ఏఎస్ తెరిచి చూడండి. అందులో ఆ కోత కనిపించకపోతే సంఘం కోశాధికారి వెంటపడాల్సిందే.

కొత్త విధానంలో ఖర్చులు చూపకూడదని చాలామంది అనుకుంటారు. పోయేవి ఎల్ఐసీ, పీఎఫ్ పొదుపులకిచ్చే 80సీ లాంటి మినహాయింపులు. ఫీజు సంపాదించడానికి పెట్టిన ఖర్చు ఏ విధానంలోనైనా తగ్గించుకోవచ్చు. శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియానికో, విజయనగరం విజ్జీ స్టేడియానికో వెళ్లిన బస్సు చార్జీ, విజిల్, రిఫరీ డ్రెస్సు, రిఫరీ పరీక్ష ఫీజు, బండి పెట్రోల్లో మ్యాచ్‌లకు తిరిగినంత మేర, ఇవన్నీ వస్తాయి. పెళ్లికీ మ్యాచ్‌కీ ఒకే ప్యాంటు వేసుకునేవాళ్లు దాన్ని వదిలేయండి. సంఘం టీఏ (ప్రయాణ భత్యం) ఇచ్చి ఉంటే అదే చార్జీని మళ్లీ ఖర్చు కింద రాయకండి. బస్సు టికెట్టు మీద అచ్చు నాలుగు నెలలకే తెల్లబడిపోతుంది, దిగగానే ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.

ఫీజు ఉంది కాబట్టి జీతగాళ్లు వేసే రిటర్ను ఫారం ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-3 వేయాలి. డాక్టర్లకు, లాయర్లకు రాబడిలో సగం ఖర్చు కింద వదిలేసే 44ఏడీఏ సెక్షన్ జాబితాలో రిఫరీలు లేరు.

ఇంటి లోను వడ్డీ మినహాయింపు కోసం పాత విధానం వైపు చూసేవాళ్లు కాస్త ఆగండి. జీతం మాత్రమే ఉన్నవాళ్లు ఏటా అటూ ఇటూ మారొచ్చు. ఫీజు కూడా ఉన్న మనం మాత్రం గడువులోగా పాత విధానం కోరే ఫారం 10-ఐఈఏ పెట్టి పాతదాంట్లోకి వెళ్లి, ఒకసారి కొత్తదానికి తిరిగొచ్చామంటే, ఫీజు ఆదాయం ఉన్నంతకాలం మళ్లీ పాతదానికి దారి లేదు.