నయా ఉదారవాదం తరువాత ఏమిటి? కరెంటు బిల్లుతో ఊహించడం మొదలుపెట్టే పద్ధతి

ధరలనూ సేవలనూ మార్కెట్‌కు వదిలేసి ప్రభుత్వం పక్కకు తప్పుకోవాలనే నయా ఉదారవాదాన్ని విమర్శించే సభలు మన దగ్గర ముప్పై ఏళ్లుగా జరుగుతూనే ఉన్నాయి. అయితే దాని స్థానంలో ఏ వ్యవస్థ రావాలో కాగితం మీద పెట్టమంటే చాలామందిమి ‘సమసమాజం’, ‘ప్రజా ప్రత్యామ్నాయం’ అనే మాటల దగ్గరే ఆగిపోతాం. ఆ మాటలు నాకూ ప్రియమైనవే, కానీ రేపు ధరను ఎవరు నిర్ణయిస్తారో, నష్టం ఎవరి నెత్తిన పడుతుందో అవి చెప్పవు. ఎదుటి పక్షం ఆ పని ఓపికగా చేసింది. 1947లో స్విట్జర్లాండ్‌లోని మాంట్ పెలెరిన్‌లో ఆర్థికవేత్త హయెక్ పిలుపు మీద కొద్దిమంది మేధావులు కూడినప్పుడు ప్రపంచం ప్రణాళికల వైపు, సంక్షేమ రాజ్యం వైపు నడుస్తోంది. అయినా వారూ వారి శిష్యులూ తమ సూత్రాలను విధానాలుగా రాసిపెట్టుకున్నందువల్ల 1973 తరువాత చిలీలోనూ, 1979 తరువాత బ్రిటన్‌లోనూ పాలకులకు అవి సిద్ధంగా దొరికాయి. మనం కూడా రాయాలి. పదిమంది కూర్చుంటే కొన్ని ఆదివారాల్లో అయ్యే పని ఇది.

ముందుగా మొత్తం ఆర్థిక వ్యవస్థను కాక ఒకే ఒక్క సేవను ఎంచుకోండి. నేను విద్యుత్తును సూచిస్తాను, ఎందుకంటే బిల్లు ప్రతి ఇంటికీ వస్తుంది, దాని చరిత్ర తెలుగువారికి తెలుసు. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది, 1999లో విద్యుత్ బోర్డు రెండుగా చీలింది, 2000 ఆగస్టు 28న ఛార్జీల పెంపును నిరసిస్తూ హైదరాబాద్ బషీర్‌బాగ్‌కు చేరిన జనం మీద కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. మొదటి సమావేశానికి ప్రతి ఒక్కరూ తమ ఇంటి బిల్లు తెచ్చుకుని, అందులోని ప్రతి పద్దూ ఎందుకుందో బిగ్గరగా వివరించాలి. అర్థం కాని పద్దు దగ్గరే అసలు చర్చ మొదలవుతుంది.

తరువాత నాలుగు ప్రశ్నలు వేసుకోండి: ఆస్తి ఎవరిది, ధర ఎవరు నిర్ణయిస్తారు, నష్టం ఎవరు మోస్తారు, తనిఖీ ఎవరు చేస్తారు. మొదటి ప్రశ్నతోనే తృప్తి పడిపోవడం మనకున్న పాత అలవాటు. మన రెండు రాష్ట్రాల్లోనూ డిస్కంలు, అంటే విద్యుత్ పంపిణీ సంస్థలు, నేటికీ ప్రభుత్వానివే, అయినా వాటి లెక్కలు, మాటతీరు, వినియోగదారుతో సంబంధం కంపెనీ పద్ధతిలోనే నడుస్తున్నాయి. ప్రభుత్వ ఆస్తి అయినంత మాత్రాన అది ప్రజల అదుపులోకి వచ్చినట్టు కాదని ఈ ఒక్క ఉదాహరణే చూపుతుంది.

మన పక్షం గెలిచిన చోట పరీక్ష మరింత కఠినంగా ఉండాలి. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు రావడం నిజమైన విజయం, బిల్లు బకాయిల కింద నలిగిన రైతుకు అది ఊపిరి పోసింది. కానీ బోరు లేని మెట్ట రైతుకు దానివల్ల ఏం దక్కింది? కౌలు రైతుకు ఎంత, భూ యజమానికి ఎంత? లోతుకు పోతున్న భూగర్భ జలాల లెక్క ఎవరు రాస్తారు? 2003 విద్యుత్ చట్టంలోని 65వ సెక్షన్ ప్రకారం రాయితీ ఇవ్వదలచిన ప్రభుత్వం ఆ మొత్తాన్ని ముందుగానే చెల్లించాలి. అయితే మీటరు లేని పంపుసెట్లకు వాడకం ఒక అంచనా మాత్రమే. ఆ అంచనాను రైతులే, మీటరు భయం లేకుండా, తమ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ స్థాయిలో సరిచూసే ఏర్పాటు ఎలా ఉండాలో రాయండి. ఇక్కడ ఒక ఆదివారం పూర్తిగా గడిచిపోయినా ఫరవాలేదు.

ఇప్పుడు ఊహకు ఆధారం వెతకండి. అది మన దగ్గరే ఉంది. సిరిసిల్లలో 1970 నుంచి విద్యుత్ పంపిణీ చేస్తున్న సహకార సంఘాన్ని అక్కడివారు సెస్ అంటారు. వినియోగదారులే సభ్యులు, పాలకవర్గాన్ని వారే ఓటుతో ఎన్నుకుంటారు. ఆ ఎన్నికల్లోకి పార్టీలు దిగుతాయన్న మాట నిజమే, అందుకని దాన్ని పక్కన పెట్టకుండా ఆ లోపానికి మందు కూడా మీ ముసాయిదాలోనే రాయండి. ముల్కనూరులో 1956లో మొదలైన సహకార సంఘం రైతులకు అప్పులివ్వడాన్నీ పంట అమ్మకాన్నీ ఒకే చోట నడిపింది. 1996లో కేరళ తన ప్రణాళికా నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు అప్పగించి, గ్రామసభల్లో చర్చకు పెట్టింది. వీటిలో ఏదీ నకలు తీసుకోవడానికి కాదు, ఏ నిబంధన ఎక్కడ పనిచేసిందో, ఎక్కడ బెసికిందో చూసి నేర్చుకోవడానికి.

ముసాయిదాను నినాదంగా కాక చట్టం భాషలో రాయండి. ‘అందరికీ చవకగా విద్యుత్తు’ అని కాక, నెలకు ఎన్ని యూనిట్లు ప్రతి ఇంటికీ హక్కు, ఆ పైన ధర ఎలా పెరుగుతుంది, సరఫరా ఆగితే ఎవరు ఎన్ని రోజుల్లో పరిహారం ఇవ్వాలి, డబ్బు ఏ పన్ను నుంచి వస్తుంది అని రాయాలి. డబ్బు ప్రశ్నను చివరికి వదిలేసే బృందాలే ఎక్కువ, దాన్ని ముందుకు తెచ్చుకోండి. బృందంలో ఇద్దరు ప్రత్యర్థి పక్షాన నిలబడి ప్రతి నిబంధనను ఎదిరించాలి. లైన్‌మన్‌ను, చిన్న మరమగ్గం యజమానిని, మీటరు పేరు భూస్వామిది కాగా బిల్లు తాను కట్టే కౌలుదారును పిలిచి చదివి వినిపించండి. వారు తప్పుపట్టిన వాక్యాలను కొట్టేసి, వారి మాటల్లోనే తిరగరాయండి.

డిస్కంలు ఏటా నవంబరు చివరికల్లా ఛార్జీలను ఖరారు చేసే విద్యుత్ నియంత్రణ మండలికి ఆదాయ అవసరాల నివేదిక, అంటే వచ్చే ఏడాదికి తమకు ఎంత ఆదాయం కావాలో చెప్పే లెక్క, ఇవ్వాలి. ఆ తరువాత మండలి ప్రజల అభ్యంతరాలు కోరి బహిరంగ విచారణ జరుపుతుంది. మీ ముసాయిదాలో ఆ పరిధికి సరిపోయే భాగాన్ని విడదీసి, గడువులోగా అభ్యంతరంగా దాఖలు చేసి, విచారణ రోజున మీలో ఒకరు నిలబడి చదవండి. మిగతా భాగాన్ని ఫైలులో పెట్టి, ఆ ఏటి ఛార్జీల ఉత్తర్వు వెలువడగానే మళ్లీ తెరవండి.