కరెంటు బిల్లుతోనే మీ కార్బన్ లెక్క

మన ఇంటి వల్ల భూమి మీద ఎంత భారం పడుతోందో చూడాలంటే ముందు కరెంటు బిల్లు తీయండి. యూనిట్లను 0.7తో గుణించండి. మన దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గు నుంచే వస్తుంది కాబట్టి, యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. పెట్రోలైతే లీటరుకు సుమారు 2.3 కిలోలు. 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ మొత్తం అయిపోయేసరికి దాదాపు 42 కిలోలు.

నెలకు 200 యూనిట్లు వాడే ఇంట్లో కరెంటు లెక్కే 140 కిలోలు, అంటే మూడు సిలిండర్ల పైమాటే! స్టౌ మంట కళ్లకు కనిపిస్తుంది గనక గ్యాస్ దగ్గర పొదుపుగా ఉంటాం. ఏసీ మాత్రం 18లో పెట్టి దుప్పటి కప్పుకుంటాం, ఇదేం తెలివో మరి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. 26లో పెట్టి ఫ్యాన్ చిన్నగా తిప్పండి, చాలు. స్నానం కాగానే గీజర్ కట్టేయండి.

తిండి, బట్టలు, విమాన ప్రయాణాలు ఈ లెక్కలోకి రావు, వాటి సంగతి వేరే. ముందు వచ్చే నెల బిల్లు మీద పెన్నుతో ఈ కిలోల లెక్క రాసి, పాత బిల్లు పక్కన పెట్టి చూడండి.