తుపాను కాలానికి వ్యాపారాన్ని ఎలా సిద్ధం చేసుకోవాలి?

ఆంధ్ర తీరానికి ఏటా రెండు తుపాను కాలాలు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మరొకటి. రెండోదే ఎక్కువ ప్రమాదకరం. దివిసీమ ఉప్పెన (1977), కోనసీమ తుపాను (1996) నవంబరులోనే విరుచుకుపడ్డాయి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకింది, మిచౌంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటింది. వ్యాపారికి ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది: దసరా, దీపావళి, సంక్రాంతి అమ్మకాల కోసం అప్పు చేసి తెచ్చిన సరుకుతో గోదాము నిండేది సరిగ్గా ఈ నెలల్లోనే. హుద్‌హుద్ వచ్చిన పదకొండు రోజులకు దీపావళి. అందువల్ల కింద చెప్పే పనుల్లో ఎక్కువ భాగం సెప్టెంబరు ముగిసేలోగా పూర్తికావాలి. హెచ్చరిక వెలువడ్డాక కూలీలు గానీ టార్పాలిన్లు గానీ డీజిల్ గానీ అంత తేలిగ్గా దొరకవు.

1. ముందుగా బీమా పాలసీని బయటికి తీసి చదవండి

చాలామంది దుకాణదారుల పాలసీ బ్యాంకు రుణంతో పాటు వచ్చినదే తప్ప వారు అడిగి తీసుకున్నది కాదు. అందులో ఏముందో నష్టం జరిగాకే తెలుస్తుంది. ఒకేచోట ఉన్న ఆస్తుల మొత్తం విలువ 5 కోట్ల రూపాయల లోపు ఉంటే ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’, 5 నుంచి 50 కోట్ల మధ్య ఉంటే ‘భారత్ లఘు ఉద్యమ్ సురక్ష’ అనే ప్రామాణిక పాలసీలు 2021 ఏప్రిల్ 1 నుంచి అందుబాటులో ఉన్నాయి. తుపాను, వరద నష్టాలు వీటి పరిధిలోకి వస్తాయి.

అసలు కిటుకు బీమా మొత్తం దగ్గర ఉంది. 20 లక్షల సరుకు ఉన్న గోదాముకు 10 లక్షలకే బీమా చేసి, 4 లక్షల సరుకు తడిసిపోతే, సగానికే బీమా ఉంది కాబట్టి సాధారణంగా చేతికి వచ్చేది 2 లక్షలే. పై రెండు పాలసీల్లో బీమా మొత్తం 15 శాతం వరకు తక్కువైనా పట్టించుకోరు గానీ, అంతకు మించితే కోత తప్పదు. కాబట్టి వేసవిలో ఉండే సరుకును బట్టి కాకుండా, పండుగ ముందు గోదాములో ఉండే గరిష్ఠ నిల్వను బట్టి మొత్తాన్ని నిర్ణయించుకోవాలి. దుకాణం మూతపడిన రోజుల ఆదాయ నష్టానికి వేరే పాలసీ తీసుకోవాలన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. తుపాను ముంచుకొస్తున్నప్పుడు కొత్త పాలసీ ఇవ్వడానికి కంపెనీలు సాధారణంగా వెనకాడతాయి.

2. లెక్కలను దుకాణం దాటించండి

కంప్యూటర్‌లోని ఖాతాలకు ఒక నకలు క్లౌడ్‌లో, మరొకటి వేరే ఊళ్లోని బంధువుల దగ్గరో ఆడిటర్ దగ్గరో ఉంచండి. చేతిరాత ఖాతా పుస్తకంలోని బాకీల పేజీలను ఫోనుతో ఫొటో తీసుకోండి. అవి తడిస్తే రావలసిన బాకీలకు ఆధారమే ఉండదు. నెలకోసారి ప్రతి అరనూ వీడియో తీసి దాచుకుంటే, నష్టాన్ని అంచనా వేయడానికి బీమా తరఫున వచ్చే సర్వేయరు అడిగినప్పుడు వాదించాల్సిన పని ఉండదు.

3. షట్టరు, పైకప్పు, నేల

గాలి తాకిడికి రోలింగ్ షట్టరు మధ్యలో లోపలికి వంగి, రేకులు పక్క గాడిలోంచి బయటికి వచ్చేస్తాయి. ఆ తర్వాత లోపలికి దూరిన గాలి పైకప్పును కిందినుంచి ఎగదన్నుతుంది. వెడల్పాటి షట్టరుకు లోపలివైపు అడ్డంగా ఇనుప పట్టీ బిగించే ఏర్పాటును వెల్డరుతో ముందే చేయించుకోండి. గడప దగ్గర వేయడానికి ఇసుక బస్తాలు సిద్ధంగా ఉంచండి. పైకప్పు రేకుల బోల్టులు, డాబా మీది నీటి గొట్టాలు ఒకసారి చూసుకుంటే చాలు. సెల్లార్‌లో మాత్రం ఈ మూడు నెలలూ సరుకు పెట్టకపోవడమే మేలు. నీరు మొదట చేరేది అక్కడికే.

4. కరెంటు, నెట్‌వర్క్ లేని రోజులకు

హుద్‌హుద్ తర్వాత విశాఖలో విద్యుత్తు, ఫోన్లు రోజుల తరబడి పనిచేయలేదు. నేడు చిల్లర వ్యాపారమంతా యూపీఐ మీద నడుస్తున్నందున ఆ పరిస్థితి మరింత ఇబ్బంది పెడుతుంది. వారం రోజుల కొనుగోళ్లకు, కూలీలకు సరిపడా నగదు, రశీదు పుస్తకం దగ్గర ఉంచుకోండి. జనరేటరును మూసిన గదిలో ఎన్నడూ నడపకూడదు. దాని పొగలోని విషవాయువుకు వాసన ఉండదు.

5. హెచ్చరిక వచ్చాక

వాతావరణ శాఖ సాధారణంగా తీరానికి 48 గంటల ముందు అప్రమత్తతా సూచన, 24 గంటల ముందు హెచ్చరిక జారీ చేస్తుంది. మొదటిది రాగానే దారిలో ఉన్న సరుకును ఆపించి, ఫ్లెక్సీలు, బోర్డులు దించి, కింది అరల సరుకును పైకి చేర్చండి. రెండోది వచ్చేసరికి మెయిన్ స్విచ్ ఆపి, సిబ్బందిని ఇళ్లకు పంపాలి. ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల నంబర్లను చూసి దుకాణం సంగతి తేల్చుకునేవారు ఉన్నారు. అవి ఓడల కోసం, మీ వీధి కోసం కాదు.

గాలి ఒక్కసారిగా ఆగిపోతే అది తుపాను కన్ను కావచ్చు. కాసేపటికి ఎదురు దిక్కునుంచి అంతే తీవ్రతతో మళ్లీ మొదలవుతుంది కనుక, ఆ విరామంలో దుకాణం చూసొద్దామని బయలుదేరవద్దు.

6. తెరిచే ముందు

తడిసిన వైరింగును ఎలక్ట్రీషియన్ పరీక్షించే వరకు మెయిన్ వేయవద్దు. నీట మునిగిన వాహనాన్ని స్టార్ట్ చేయవద్దు. పాడైన సరుకును పారేయాలనిపించినా, ఫొటోలు తీసి, బీమా సంస్థకు వెంటనే తెలిపి, సర్వేయరు చూసే వరకు ఒక పక్కన వేరుగా ఉంచండి. ధ్వంసమైన సరుకుపై అంతకుముందు తీసుకున్న జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొన్నప్పుడు కట్టిన పన్నుకు పొందిన మినహాయింపును) వెనక్కి ఇవ్వాల్సి ఉంటుంది కాబట్టి, ఆ నెల రిటర్న్ దాఖలు చేయకముందే ఆడిటర్‌కు నష్టం జాబితా అందజేయండి.